డెస్కు మీద కొట్టేసిన పేరు

మొన్నీమధ్య జర్నలిజం చదువుతున్న పిల్లలు కొందరు రాజమండ్రిలో మా ఇంటికొచ్చారు. కాలేజీ పత్రికకి నా ఉద్యోగం గురించి రాసివ్వమన్నారు. ఏం రాయమంటారు అని అడిగితే వాళ్ళలో ఒకడు, "మీ రోజుల్లో సెర్చింజన్లు లేవు కదండీ, పాపం ఏ చిన్న విషయం కావాలన్నా ఎంత తిప్పలు పడేవారో, అది రాయండి సార్" అన్నాడు. మంచి పిల్లాడే. మర్యాదగానే అడిగాడు. కానీ ఆ "పాపం" అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆవిడ సమయానికి కాఫీ తెచ్చి మధ్యలో పెట్టింది గానీ, లేకపోతే ఆ పిల్లాడికి అక్కడే బాగా తలంటేవాణ్ణి.

సరే, రాస్తున్నాను. నేను ఒక తెలుగు దినపత్రిక రాజమండ్రి ఎడిషన్లో సబ్ ఎడిటరుగా చేరి, డెస్కు ఇన్‌ఛార్జిగా రిటైరయినవాణ్ణి. పత్రిక పేరు చెప్పను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరెవరి చేత దండలు వేయించుకున్నాను లాంటివి ఇందులో ఉండవు. కోపం మాత్రం ఉంటుంది. అది తీసేసి రాయమంటే నావల్ల కాదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పనికొస్తుందనుకుంటే చదవండి, లేదంటే ఈ కాగితంలో పకోడీలు కట్టుకోండి.

బతికున్నాయన పెసరట్టు

డెస్కు అంటే తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఊళ్ళల్లో ఉండే విలేకర్లు వార్తలు పంపుతారు. మేం ఆఫీసులో కూర్చుని వాటిని దిద్ది, కోసి, హెడ్డింగు పెట్టి పేజీలోకి పంపుతాం. బయటివాళ్ళు ఇదేదో అచ్చుతప్పులు చూసే పని అనుకుంటారు. కాదండి బాబూ. ఇది అడిగే పని. రోజంతా ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడుగుతూనే ఉండాలి.

నేను చేరేసరికి డెస్కు ఇన్‌ఛార్జిగా ఒక పెద్దాయన ఉండేవారు. చేతిలో ముక్కుపొడుం డబ్బీ, జేబులో ఎర్రసిరా పెన్ను, నోటికి అడ్డూ అదుపూ లేదు. నేను చేరిన కొత్తలో కొవ్వూరు నుంచి ఒక వార్త వచ్చింది. ఫలానా రిటైర్డ్ హెడ్మాస్టరుగారు కన్నుమూశారని. నేను మంచి హెడ్డింగు కట్టి ఆయన ముందు పెట్టాను.

"ఎవరు చెప్పారు?" అన్నారు.

"మన విలేకరి రాశాడండి."

"వాడికెవరు చెప్పారు?"

"తెలీదండి."

"శవాన్ని చూశాడా?"

నేను హెడ్డింగు కాగితం వెనక్కి తీసుకున్నాను. "వంతెన దాటితే కొవ్వూరు. వెళ్ళి చూసి రా. పోతే దండ వెయ్యి, బతికుంటే దణ్ణం పెట్టు" అన్నారు.

బస్సెక్కి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు ఇంటి అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నారు. పోయింది వెనక వీధిలో ఇంకొక మాస్టారు. ఆ ఊళ్ళో ఎవరో మాస్టారు పోయారంటే మావాడికి గుర్తొచ్చిన మాస్టారు ఈయన, అంతే. చెప్పినట్టే దణ్ణం పెట్టాను. ఆయనే కనిపెట్టేశారు. "పేపరాఫీసు నుంచా బాబూ? నా గురించేనా? మంచి ఫోటో ఒకటి ఇస్తాను, పట్టుకెళ్ళి దాచుకోండి. తొందరేం లేదు" అని లోపలికి కేకేసి నాకూ ఒక అట్టు వేయించారు.

తిరిగొచ్చి చెబితే డెస్కంతా పగలబడి నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఆయన పెళ్ళాం రేపు పొద్దున్న పేపరు తీసి చూసుకునేదిరా వెధవా" అన్నారు. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ తిట్టులోనే ఉంది.

ఆయన డెస్కుకి ఒక పద్ధతి ఉండేది. పోలీసు కేసులో ఎవరి పేరైనా వస్తే, పేజీలోకి వెళ్ళేముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎవరి పిల్లలు, ఏ ఊరు? కేసు కట్టారా, ఊరికే పిలిచి కూర్చోబెట్టారా? ఆ మనిషిని మనవాళ్ళెవరైనా అడిగారా? వీటిలో దేనికి జవాబు రాకపోయినా ఆయన ఎర్రసిరాతో పేరు కొట్టేసేవారు. "ఒక వ్యక్తి" అని రాసి ఊరుకునేవాళ్ళం. ఆయన తర్వాత నేనూ అదే పాటించాను. నా వెనకాల నన్ను "ఒక వ్యక్తిగారు" అని వెక్కిరించేవారు. వెక్కిరించనీ!

గుడి ఎక్కడుంది?

తొంభైల చివర్లో మా ఆఫీసుకి ఇంటర్నెట్టు వచ్చింది. మొదట్లో ఒకే ఒక్క కంప్యూటరుకి ఉండేది. దాని చుట్టూ కుర్ర సబ్ ఎడిటర్లు మూగేవారు. నేను దాన్ని వద్దన్నవాణ్ణి కాదు. పరదేశాల పేర్లు ఎలా పలకాలి, ఏ దేశానికి ఎవరు ప్రధాని, ఇలాంటివి ఇట్టే దొరికేవి. పరీక్షల ఫలితాలప్పుడు ఊరంతా ఇంటర్నెట్ సెంటర్ల ముందే ఉండేది. మా పక్కింటాయన తన మోకాలి నొప్పి గురించి అక్కడే చదువుకుని వచ్చి మా అందరికీ వైద్యం చెప్పేవాడు. అదంతా బాగానే ఉంది.

బాగోనిదల్లా, మా డెస్కులో ఫోన్లు మోగడం తగ్గిపోయింది. ఎవరినీ ఎవరూ అడగడం మానేశారు.

ఒక కార్తీకమాసంలో పిఠాపురం గురించి ప్రత్యేక వ్యాసం వేశాం. కుక్కుటేశ్వరుడి గుడి, పురుహూతికా అమ్మవారు, ఎలా వెళ్ళాలి, దర్శనం వేళలు, అన్నీ. రాసింది ఒక కుర్ర సబ్ ఎడిటరు, చురుకైనవాడే. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను. పశ్చిమ గోదావరి వైపు నుంచి బస్సు కట్టించుకుని వెళ్ళిన భక్తులు. పిల్లలు, ముసలివాళ్ళు ఎండలో కూర్చున్నారు. గుడి తలుపులు మూసి ఉన్నాయి. మా పేపర్లో మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటుందని వేశాం. ఫోనులో ఒకావిడ నన్ను ఉతికి ఆరేసింది. పడ్డాను, పడక చేసేదేముంది?

ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "నెట్లో అలాగే ఉందండి" అన్నాడు.

"గుడి నెట్లో ఉందా, పిఠాపురంలో ఉందా?"

"పిఠాపురంలోనే ఉందండి."

"పిఠాపురంలో మనకి విలేకరి ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడండి."

"వాడి ఇంట్లో ఫోను ఉందా, లేదా?"

నాకు అప్పుడు వాడి మీద కన్నా ఆ కంప్యూటరు పెట్టె మీద ఎక్కువ కోపం వచ్చింది. మా విలేకర్లలో ఒట్టి పనికిమాలినవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు "తెలీదండి, కనుక్కుని చెప్తాను" అనేవాడు. ఆ పెట్టె ఒక్కనాడూ ఆ మాట అనలేదు. ఏది అడిగినా ఏదో ఒకటి తెచ్చి ముందర పడేస్తుంది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, తర్వాత ఏమైంది, దానికి అనవసరం. దానికి అనవసరమైతే పోనీ, మనకి కూడా అనవసరం అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, తర్వాత జరిగింది అర్థం కావాలంటే. ఆ రోజుల్లో తెలుగు పత్రికలవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో సొంత ఫాంటు వాడేవారు. మా వెబ్‌సైటులో తెలుగు మన కంటికి కనపడేది గానీ, సెర్చింజనుకి అది ఒట్టి చెత్తాచెదారం. తెలుగులో పేజీలకి పేజీలు రాసినా దానికి దొరికేది కాదు. హైదరాబాదులో హెడ్డాఫీసు వాళ్ళు వెబ్ విభాగం అని ఒకటి పెట్టారు. వాళ్ళు మా వార్తల్లోంచి ఘాటుగా ఉన్నవి ఏరి, నాలుగైదు లైన్లు ఇంగ్లీషులో రాసి పెట్టేవారు. ఆ ఇంగ్లీషు లైన్లు మాత్రం దొరికేవి. అంటే మేం గోదావరి జిల్లాలకి చెప్పేది ఒకటి, లోకానికి దొరికేది ఇంకొకటి.

ఆ అమ్మాయి

రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోమ్. పేరు అక్కర్లేదు. ఆ నర్సింగ్ హోమ్‌లో ఒక రోజు, అప్పుడే పుట్టిన పసిబిడ్డ మంచం మీద నుంచి మాయమయ్యాడు. ఊరంతా గగ్గోలు. పోలీసులు వచ్చి, ఆ వార్డులో డ్యూటీలో ఉన్న నర్సుని స్టేషనుకి తీసుకెళ్ళి ప్రశ్నలు అడిగారు. పిఠాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు ఆ అమ్మాయిది. చేపలవేట కుటుంబం. వాళ్ళ వీధిలో నర్సింగు చదివిన మొదటి పిల్ల.

మా విలేకరి ఆ అమ్మాయి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ రాసి పంపాడు. నేను పోలీసులకి ఫోను చేశాను. "కేసు కట్టారా ఆ పిల్ల మీద?" అంటే, "లేదండీ, ఊరికే అడుగుతున్నాం" అన్నారు. నేను పేరు కొట్టేశాను. "విధుల్లో ఉన్న సిబ్బందిని పోలీసులు ప్రశ్నిస్తున్నారు" అని వేశాం. వేరే పత్రికల వాళ్ళు కూడా అప్పటికి పేరు వేయలేదు.

బిడ్డ దొరికాడు. పక్క మంచం ఆవిడని చూడటానికి రోజూ వచ్చిపోతూ ఉండే ఒక పిల్లల్లేని మనిషి ఎత్తుకెళ్ళింది. పోలవరం వైపు ఒక ఊళ్ళో చుట్టాలింట్లో ఉంటే పట్టుకున్నారు. బిడ్డని తల్లి ఒళ్ళో పెట్టిన ఫోటో మా జిల్లా పేజీల్లో మొదట వేశాం. సిబ్బందికి ఏ సంబంధమూ లేదని పోలీసులు చెప్పిన మాట కూడా వేశాం. నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆ అమ్మాయిని మళ్ళీ డ్యూటీలో పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి పెళ్ళయింది. ఉద్యోగం మానేసి పిఠాపురం వెళ్ళిపోయింది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. కొన్నేళ్ళకి, ఒక రోజు సాయంత్రం నా టేబులు ముందుకి ఒకావిడ వచ్చి నిలబడింది. పక్కన నాలుగేళ్ళ పాప. "మీరేనాండీ డెస్కు ఇన్‌ఛార్జిగారు?" అంది. కూర్చోమన్నాను. పాప నా ఎర్రసిరా పెన్ను తీసుకుని కాగితం మీద కోళ్ళు గీయడం మొదలుపెట్టింది.

"మా ఆయన బోటు మీద వెళ్తారండి. ఈ మధ్య వేట సరిగ్గా లేదండి. అందుకని మళ్ళీ ఉద్యోగం చూసుకుంటున్నానండి" అంది. "విశాఖపట్నంలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళానండి. ఇంటర్వ్యూ బాగా చేశాను, రేపో మాపో కబురు పెడతామన్నారు. పెట్టలేదండి. చెన్నైలో ఒకచోట కూడా అంతే. నాకేం అర్థం కాలేదు. ఇంకోచోట, అక్కడ ఆఫీసులో పనిచేసే ఒకావిడకి జాలేసి పక్కకి పిలిచి చెప్పిందండి. మీ పేరు నెట్లో కొట్టి చూశారమ్మా, మీరు పిల్లల్ని ఎత్తుకుపోయే కేసులో ఉన్నారట కదా, అని."

"మేం నీ పేరు వేయలేదమ్మా" అన్నాను. ధీమాగానే అన్నాను.

ఆ అమ్మాయి సంచీలోంచి ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టింది. మా వెబ్‌సైటే. ఇంగ్లీషులో. పసిబిడ్డ దొంగతనం కేసులో నర్సు అరెస్టు అని హెడ్డింగు. కింద ఆ అమ్మాయి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు.

రెండుసార్లు చదివాను. తర్వాత కనుక్కుంటే తెలిసింది. విలేకరి పంపిన వార్త మేం దిద్దకముందే కంప్యూటర్లో హైదరాబాదు వాళ్ళకి కూడా కనపడుతుంది. వాళ్ళు పచ్చి కాపీని తీసుకుని, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, ఇంగ్లీషులోకి దించి పెట్టేశారు. నేను పెన్ను పట్టుకుని ఇక్కడ పేరు కొట్టేస్తూ కూర్చున్నాను. అక్కడ అప్పటికే లోకానికి చెప్పేశారు. బిడ్డ దొరికిన వార్త మాత్రం పెట్టలేదు. అది జిల్లా వార్తట, ఘాటు లేదట.

ఆ అమ్మాయిది గోదావరి ఒడ్డున, సముద్రపొడ్డున తప్ప ఎక్కడా వినపడని ఇంటిపేరు. ఆ ఇంటిపేరూ పేరూ కలిపి కొడితే ప్రపంచం మొత్తం మీద వచ్చేది ఆ ఒక్క పేజీ.

"ఇదివరకు మావాళ్ళల్లో ఏదన్నా మాట వస్తే అడిగేవారండి. ఎవరి పిల్ల, ఏం జరిగింది, అని. అడిగితే మనం చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ అడగట్లేదండి. చూసేసి ఊరుకుంటున్నారు" అంది.

హిట్స్

వెంటనే హైదరాబాదులో వెబ్ ఇన్‌ఛార్జికి ఫోను చేశాను. ఆ అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఉంది.

"సార్, పాత లింకులు మేం కదపమండి. పాలసీ" అన్నాడు.

"అందులో ఉన్నది తప్పు నాయనా. ఆ పిల్లని అరెస్టు చెయ్యలేదు. అరెస్టని ఎవరు చెప్పారు మీకు?"

"అలా అంటే హెడ్డింగు బాగుంటుందని పెట్టి ఉంటారండి. అప్పుడు నేను లేను."

"ఇప్పుడున్నావుగా, తీసెయ్."

"తియ్యలేం సార్. పైగా ఆ పేజీకి హిట్స్ బాగున్నాయి. పిల్లల దొంగతనాల గురించి ఎవరు వెతికినా ముందు మనదే వస్తుంది."

హిట్స్! ఒక ఆడపిల్ల పొట్ట కొట్టి, దానికి జనం ఎంతమంది వచ్చి చూసిపోయారో చెబుతున్నాడు నాకు. ఆ వేళ ఫోనులో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. కాలేజీ పత్రిక కదా. పాప కోళ్ళు గీయడం ఆపేసి నా మొహం చూసింది. తల్లి దాని చెవులు మూసింది.

మా ఎడిషన్ మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరితోనూ పేచీ పడడు, అంతే. అలాంటివాళ్ళ వల్ల జరిగినంత నష్టం చెడ్డవాళ్ళ వల్ల జరగదని నా అభిప్రాయం. విషయం విని, "పెళ్ళయింది కదండీ ఆ అమ్మాయికి, ఇంటిపేరు మారిపోయి ఉంటుంది కదా, ఇంకేం ఇబ్బంది?" అన్నాడు.

"నర్సింగు సర్టిఫికెట్లో మారుతుందాండీ?" అన్నాను.

దానికాయన, "పోనీ మన జిల్లా పేజీలో సవరణ వేద్దాం. ఫలానా ఆమెకి ఆ కేసుతో సంబంధం లేదు అని, పేరుతో సహా" అన్నాడు. ఏదో దానం చేస్తున్నట్టు మొహం పెట్టాడు.

ఆలోచించండి ఒక్క నిమిషం. తెలుగు పాఠకుడికి ఆ పేరు అసలు తెలీదు, మేం కొట్టేశాం కాబట్టి. తెలిసిందల్లా ఇంగ్లీషులో చూసేవాడికి. వాడు మా జిల్లా పేజీ చదవడు. సెర్చింజను మా తెలుగు చదవలేదు. అంటే ఈయన వేసే సవరణ, తెలిసినవాడికి చేరదు, తెలియనివాడికి కొత్తగా చెబుతుంది. పిఠాపురంలో, ఒడ్డు ఊళ్ళల్లో, ఆ అమ్మాయి అత్తవారింట్లో, ఓహో ఇలాంటిది ఒకటి జరిగిందా అని మొదలవుతుంది. మేం ఎంత గొప్పగా దిద్దుకున్నా ఆ పిల్లకి ఇంకో దెబ్బే.

బయటికొచ్చి ఆ అమ్మాయికి చెప్పాను. "వద్దండి బాబూ. ఊళ్ళోనన్నా నన్ను మనిషిలా చూస్తున్నారు. అది కూడా పోగొట్టకండి" అంది. పాపని చంకనేసుకుని లేచింది. ఆ పిల్ల నా పెన్ను తిరిగిచ్చేసి, "టాటా పేపర్ తాతగారూ" అంది.

ఆ తర్వాత నేను ఊరుకున్నాననుకుంటున్నారా? హెడ్డాఫీసుకి ఫోను చెయ్యని నెల లేదు. మనిషి మారేవాడు, జవాబు మారేది కాదు. చూస్తామండి. టెక్నికల్ వాళ్ళతో మాట్లాడతామండి. కొత్త సైటు వస్తోందండి, అందులో సరిచేస్తామండి. ఒకడైతే, "ఆవిడ కేసేమన్నా వేస్తుందాండీ?" అని అడిగాడు. వెయ్యదు అన్నాను. హమ్మయ్య అన్నాడు, నాకు వినపడేలాగే. ఈలోగా ఆ అమ్మాయి పిఠాపురంలో ఒక చిన్న క్లినిక్కులో చేరింది. ఆ డాక్టరుగారు పాతకాలం మనిషి, వాళ్ళ నాన్నని అడిగి చేర్చుకున్నారు. చదివిన చదువుకీ ఆ ఉద్యోగానికీ పొంతన లేదు. కానీ అక్కడ పేరు కొట్టి చూసేవాళ్ళు లేరు.

శాలువా వద్దన్నాను

నా రిటైర్మెంటు సభకి హైదరాబాదు నుంచి పెద్ద ఎడిటరుగారే వచ్చారు. పూలదండలు, శాలువా, నా గురించి నాకే తెలియని గొప్పలు. చివర్లో ఆయన మైకులో, "మీకేం కావాలో అడగండి, పత్రిక తరఫున చేయిస్తాను" అన్నారు. మామూలుగా ఎవరైనా మీ ఆదరణ చాలు అంటారు. నేను మైకు తీసుకుని, "వెబ్‌సైటులో ఒక తప్పుడు వార్త ఉంది. అది తీయించండి. తీయలేకపోతే దాని కిందే ఆ అమ్మాయికి సంబంధం లేదని ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాయించండి. శాలువా తీసేసుకోండి" అన్నాను.

సభలో నవ్వులు. చప్పట్లు కూడా కొట్టారు, నేనేదో చమత్కారం చేశాననుకుని. ఎడిటరుగారు మాత్రం నవ్వలేదు. అందరి ముందూ మాటిచ్చారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మా సైటులోంచి ఆ పేజీ పోయింది.

నేను పొంగిపోయి ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళి కూర్చున్నాను. పేరు కొట్టించాను. మా పేజీ లేదు. దాని బదులు ఎప్పుడూ వినని సైట్లు ఇంకో మూడో నాలుగో వచ్చాయి. ఎక్కడో ఎవరో మా వార్తని ఎత్తి తమ సైట్లలో పెట్టుకున్నారు. అదే హెడ్డింగు, అదే పేరు, అదే ఊరు. వాళ్ళెవరో తెలీదు. ఏ ఊరో, ఏ దేశమో తెలీదు. ఫోను నంబరు లేదు. ఇక ఎవరిని అడుగుతావు? ఎవరిని తిడతావు? జీవితంలో మొదటిసారి తిట్టడానికి మనిషి దొరక్క అక్కడే కూర్చుండిపోయాను.

మూడో తరగతి

పోయినేడాది ఆ అమ్మాయి ఫోను చేసింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఏడుస్తోంది. పాప బడికి వెళ్ళనంటోందట.

పాప అప్పటికి పిఠాపురంలో ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. కంప్యూటరు క్లాసులో టీచరమ్మ పిల్లలకి సెర్చింజను నేర్పుతూ, మీకిష్టమైనవాళ్ళ పేరు కొట్టండి, ఏం వస్తుందో చూద్దాం అందట. పిల్లలు సినిమా హీరోల పేర్లు కొట్టారు. ఈ పిల్ల వాళ్ళమ్మ పేరు కొట్టింది. వాళ్ళింట్లో ముందుగదిలో గోడకి అమ్మ నర్సింగు సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు పిల్లకి కంఠతా వచ్చు. పుట్టింటి ఇంటిపేరుతో సహా కొట్టింది. "మా అమ్మ వచ్చింది, మా అమ్మ వచ్చింది" అని సంబరంగా అరిచిందట. చుట్టూ పిల్లలు మూగారు. వాళ్ళల్లో ఇంగ్లీషు బాగా చదివే పిల్లలు గట్టిగా చదివారు.

మర్నాటి నుంచి క్లాసులో దాని పేరు "దొంగ నర్సు కూతురు".

ఫోను వచ్చిన మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పిఠాపురం వెళ్ళాను. ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి గోడ మీద ఫ్రేము ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది. సర్టిఫికెట్టు బీరువా మీద బోర్లించి ఉంది. పాప మూలన కూర్చుని నన్ను చూసి, "పేపర్ తాతగారూ, మీరు మా టీచరుకి చెప్పండి" అంది. గుర్తుపెట్టుకుంది పిల్ల.

బడికి వెళ్ళాను. టీచరమ్మ చిన్నపిల్ల, పాపం హడలిపోయింది. "నేనేం అనలేదండీ, పిల్లలే చదివేశారు" అంది. ఆ మాట నిజమే. ఆవిడ అనుమతి తీసుకుని మూడో తరగతి పిల్లల ముందు నిలబడ్డాను. పాప మొదటి బెంచీలో కూర్చుంది. తల్లి గుమ్మం దగ్గర నిలబడింది, క్లినిక్కు నుంచి సరాసరి వచ్చింది, తెల్ల చీరలోనే ఉంది.

జరిగిందంతా చెప్పాను. బిడ్డ పోవడం, ఎవరు ఎత్తుకెళ్ళారు, ఎక్కడ దొరికాడు, ఎలా తల్లి ఒళ్ళోకి చేరాడు. మీ ఫ్రెండు వాళ్ళమ్మ ఏ తప్పూ చెయ్యలేదు, తప్పుగా రాసింది మా పత్రికవాళ్ళు, ఇంగ్లీషులో ఉన్నదంతా అబద్ధం అని చెప్పాను. పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు. బిడ్డ దొరికాడన్నప్పుడు చప్పట్లు కొట్టారు కూడా. పాప మొహం కాస్త తేటపడింది. నాకు గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళకి ఒక్క చోటన్నా సవరణ పడిందనుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు చెయ్యెత్తాడు. నిక్కరూ టైయూ వేసుకుని బుద్ధిగా ఉన్నాడు. లేచి నిలబడి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మరి కంప్యూటర్లో అలా లేదు కదండీ?"

పిల్లలందరూ వాడి వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు. పాప కూడా చూసింది. తల్లి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. నేనేదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, వాడు ఒప్పుకోలేదని మాత్రం గుర్తుంది. వాడి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ మాట వాడికి నేర్పింది పెద్దవాళ్ళం.

ఇదండీ మీరడిగిన నా ఉద్యోగ జీవితం. మా రోజుల్లో తిప్పలు పడ్డాం, నిజమే. బస్సెక్కి కొవ్వూరు వెళ్ళి ఒక మనిషి బతికున్నాడో లేదో చూసొచ్చాం. ఆ తిప్పలు మీకు తప్పాయని సంబరపడకండి. మీకు తప్పినవి ఇంకెవరో పడుతున్నారు.

ఆ అమ్మాయి పేరు ఇందులో ఎక్కడా రాయలేదు, చూశారు కదా. అయినా మీలో ఎవరో ఒకరికి ఈపాటికి వేళ్ళు దురద పెడుతూనే ఉంటాయి. నర్సు, పసిబిడ్డ, పిఠాపురం అని కొట్టి చూద్దామని. కొట్టకండి. అంతగా తెలుసుకోవాలనుంటే మా ఇంటికి రండి. మా ఆవిడ కాఫీ ఇస్తుంది. కూర్చుని నన్ను అడగండి.